సేద్యం సందేహాలు: కాయకు కన్నం పడ్డాక ట్రైకో కార్డు కడితే…

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా కాయతొలుచు పురుగుల మీద, వాటిని చంపే బదనికల (చీడపురుగు గుడ్డులోనో ఒంట్లోనో పెరిగి దాన్ని చంపే చిన్న కందిరీగలు, ఈగలు) మీదే వచ్చాయి. ట్రైకో కార్డంటే ట్రైకోగ్రామా అనే బదనిక పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్టముక్క. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రెండెకరాల్లో టమాటా వేశాను. కాయలకు కన్నాలు కనపడగానే ఎకరాకు రెండు చొప్పున ట్రైకో కార్డులు తెచ్చి కట్టాను. పది రోజులు దాటినా కన్నాలు ఆగలేదు. నాకు అంటగట్టినవి నకిలీ కార్డులా?
– ఒక టమాటా రైతు, మదనపల్లె

జవాబు: కార్డులు ఎంత మంచివైనా మీ పొలంలో ఫలితం ఇలాగే ఉండేది. ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు ఉండే కందిరీగ. టమాటా కాయను తొలిచే శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు పెట్టిన గుడ్డులో ఇది తన గుడ్డు పెడుతుంది. దీని పిల్ల ఆ గుడ్డులోని సొనంతా తినేసి, పచ్చ పురుగుకు బదులు తానే బయటికి వస్తుంది. గుడ్డు పగిలి పురుగు బయటపడిందంటే ట్రైకోగ్రామా దాన్ని తాకను కూడా తాకదు.

శనగపచ్చ పురుగు గుడ్డు మన వేడికి మూడు, నాలుగు రోజుల్లో పగులుతుంది. పిల్లపురుగు కొన్నాళ్లు లేతాకు, పూత గీకి తిని, కాస్త ముదిరాక కాయలో తల దూరుస్తుంది. అంటే ఈ రోజు మీకు కన్నం కనపడితే ఆ గుడ్డు పది, పన్నెండు రోజుల కిందటే పెట్టింది. మీరు కార్డు కట్టేనాటికి దాని పని అయిపోయింది.

కార్డు ఎప్పుడు కట్టాలో లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసన ఉన్న ఎరతో మగపురుగులను పట్టేవి) చెబుతాయి. పూత మొదలయ్యేసరికి ఎకరాకు 4, 5 బుట్టలు, పైరు కంటే అడుగు ఎత్తులో పెట్టండి. రోజూ పొద్దున్నే పడిన రెక్కల పురుగులను లెక్కపెట్టి పారేయండి, ఎరను మూడు, నాలుగు వారాలకోసారి మార్చండి. మగపురుగులు వరసగా పడటం మొదలైన వారంలోనే మొదటి కార్డు పొలంలో ఉండాలి. బుట్టలు పెట్టలేకపోతే పూత తొలిదశలోనే మొదలుపెట్టండి.

మోతాదు ఎకరాకు ఒక విడతకు 20,000 బదనికలు, అంటే మామూలుగా ఒక కార్డు. వారానికొకటి చొప్పున ఆరు వారాలు కట్టాలి. రెండు కార్డులు ఒకే రోజు కట్టడంలోనే మీ డబ్బు సగం వృథా అయింది. ఎండలో ఈ కందిరీగ బతికేది కొద్ది రోజులే. పైగా అది ఒకటి, రెండు రోజుల వయసు గుడ్లనే ఇష్టపడుతుంది. పచ్చ పురుగు తల్లులేమో రోజూ గుడ్లు పెడుతూనే ఉంటాయి. వారానికి ఒక కార్డునే రెండు సగాలు చేసి, మూడు నాలుగు రోజుల తేడాతో కట్టగలిగితే ఇంకా మేలు. కూలి ఖర్చు చూసుకోండి.

ఎలా కట్టారన్నది మీరు రాయలేదు. చాలామంది కార్డును ఆరు, ఎనిమిది ముక్కలు చేసి ఊరుకుంటారు. ఎకరంలో ఎనిమిది ముక్కలంటే ముక్కకూ ముక్కకూ 22 మీటర్ల ఎడం. ఇంత చిన్న ప్రాణి ఎగిరి వెతికేది ఏడెనిమిది మీటర్లే అనుకోండి, మధ్యలో ఉన్న గుడ్లన్నీ తప్పించుకుంటాయి. కార్డును కనీసం 20 ముక్కలు చేస్తే ఎడం 14 మీటర్లకు, 40 చేస్తే 10 మీటర్లకు వస్తుంది. గాలి ఎటు నుంచి వీస్తుందో ఆ వైపు గట్ల దగ్గర రెండు ముక్కలు ఎక్కువ వేయండి. ముక్కను మొక్క పై భాగంలో, చివరి నుంచి జానెడు కిందికి, ఆకు అడుగున స్టేపుల్ చేయండి. గుడ్లు అంటించిన వైపు నేలను చూడాలి. పచ్చ పురుగు గుడ్లు పెట్టేది పూత దగ్గరి లేతాకుల మీదే కాబట్టి మొక్క మొదలు దగ్గర కట్టినా, నేల మీద పడేసినా లాభం లేదు. చీమలు మరునాటికే కార్డును నున్నగా నాకేస్తాయి. చీమలున్న పొలంలో కర్ర పాతి, దానికి గ్రీజు పట్టీ రాసి, కర్రకే ముక్క కట్టండి. చల్లపొద్దున గానీ సాయంత్రం గానీ కట్టాలి, వాన సూచన ఉంటే ఒక రోజు ఆగాలి.

ఇక మందుల సంగతి. సింథటిక్ పైరెత్రాయిడ్లు, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటివి కొట్టిన పొలంలో కార్డు కట్టడం డబ్బు పారేయడమే. కనీసం రెండు వారాలు గడవాలి. స్పైనోసాడ్ సహజమైనదని ధైర్యంగా కొడతారు, ట్రైకోగ్రామాకు అది చెడ్డది. బూడిద తెగులుకు కొట్టే గంధకమూ అంతే. వేపనూనె కొడితే నాలుగు రోజులు ఆగి కార్డు కట్టండి, వాసనకు కందిరీగ గుడ్డు దగ్గరికి రాదు. బీటీ (పురుగును చంపే బాక్టీరియా), ఎన్‌పీవీ (పురుగుకు జబ్బు తెచ్చే వైరస్) ద్రావణాలతో ఏ ఇబ్బందీ లేదు. క్లోరాంట్రానిలిప్రోల్ కూడా దీనికి పెద్దగా హాని చెయ్యదు.

ఇప్పుడు కాయల్లో ఉన్న పురుగులకు ఏం చేయాలంటే: కన్నం పడ్డ కాయలన్నీ ఏరి పొలం బయట లోతుగా పూడ్చండి. ఒక్కో పురుగు కాయ మార్చి కాయ తొలుస్తుంది, తల కాయలో దూర్చి, సగం ఒళ్లు బయట పెట్టుకుని తింటుంది కాబట్టి ఏరేటప్పుడు కిందికి జారిపోయిన వాటినీ చూడండి. చిన్న పురుగులకు ఎకరాకు 100 ఎల్‌ఈ (లార్వల్ ఈక్వివలెంట్, అంటే 100 జబ్బు పురుగుల్లోని వైరస్‌కు సమానం) ఎన్‌పీవీ సాయంత్రం పూట పిచికారి చేయండి, ఎండ తగిలితే వైరస్ చచ్చిపోతుంది. వేలెడు పురుగులకు వైరస్ పెద్దగా ఎక్కదు, చేత్తో ఏరాల్సిందే. వచ్చే పంటకు 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి వేయండి. 25 రోజుల టమాటా నారుతో పాటు 40 రోజుల బంతి నారు నాటితేనే రెండింటి పూత ఒకేసారి వస్తుంది. చాలామంది ఒకే వయసు నారు నాటి, బంతి ఆలస్యంగా పూసేసరికి ఎర పంట పనిచేయలేదంటారు.

ప్రశ్న: కార్డు మంచిదో కాదో కొనేటప్పుడే తెలుసుకునే మార్గం ఉందా? ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంచొచ్చు?
– ఒక కూరగాయల రైతు, చేవెళ్ల

జవాబు: మొదట రంగు చూడండి. ట్రైకోగ్రామా పడ్డ గుడ్డు నాలుగో రోజుకు బొగ్గులా నల్లబడుతుంది. కార్డు మీద నూటికి 90 గుడ్లన్నా అలా ఉండాలి. తెల్లగా, పసుపుగా మిగిలినవి ఎక్కువుంటే తీసుకోవద్దు. తర్వాత, నల్ల గుడ్ల మీద సూదిమొన అంత గుండ్రటి రంధ్రాలు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. ఉంటే కందిరీగలు అప్పుడే ఎగిరిపోయాయి, మీ చేతిలో ఉన్నది ఉత్త అట్టముక్క. కార్డు మీద అవి బయటికి వచ్చే తేదీ రాసి ఉండాలి. ఆ తేదీకి ముందు రోజు సాయంత్రం కట్టడం సరైన పద్ధతి.

ఒక చిన్న ముక్కను గాజు సీసాలో వేసి, మూతికి గుడ్డ బిగించి ఇంట్లోనే నీడన ఉంచండి. పొలంలో కట్టిన మూడో రోజున సీసాలో నల్ల నలుసుల్లాంటివి పాకుతూ ఉండాలి. అవి రాకపోతే తప్పు కార్డుది. వచ్చినా పొలంలో ఫలితం లేకపోతే తప్పు వేళదో, మందుదో.

ఫ్రిజ్‌లో కింది అరలో, కవరులో చుట్టి వారం లోపు ఉంచొచ్చు. ఆపైన బయటికొచ్చే సంఖ్య తగ్గుతూ పోతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెడితే అన్నీ చస్తాయి. బండి డిక్కీలో మిట్టమధ్యాహ్నం తెచ్చినా అదే గతి. తడి గుడ్డ చుట్టిన టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చుకోండి.

పొలంలో కూడా నల్ల గుడ్లు వెతకండి. ఊరికే ముదిరిన పచ్చ పురుగు గుడ్డు గోధుమ రంగులోకి తిరుగుతుంది గానీ బొగ్గు నలుపు రాదు. లేతాకుల మీద ఇరవై గుడ్లు చూస్తే పది నల్లగా ఉన్నాయంటే మందు డబ్బా లోపల పెట్టేయొచ్చు.

ప్రశ్న: వంకాయలో పుచ్చులు ఎక్కువ. ట్రైకో కార్డులు కాక వంగ పురుగును కాయ లోపలికి వెళ్లి చంపే బదనిక ఏదైనా దొరుకుతుందా? ఎండిన కొమ్మలు తుంచమంటున్నారు, అందులోని మిత్రపురుగులూ పోతాయి కదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాయ లోపలి దాకా వెళ్లేది లేదు గానీ, కొమ్మలోని పురుగును పట్టేది ఉంది. త్రాతలా ఫ్లావోఆర్బిటాలిస్ అనే సన్నటి కందిరీగ, తోకలాంటి సూదిని కొమ్మలోకి దించి పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. ఇది అంగట్లో కార్డుగా దొరకదు. ఊళ్లో ఉన్నదాన్ని చంపకుండా ఉంచుకోవడమే మన చేతిలో ఉన్న పని. వారానికి రెండుసార్లు మందు కొట్టే వంగతోటలో ఇది బతకదు, పురుగేమో కొమ్మలో క్షేమంగా ఉంటుంది. మందు కొట్టేకొద్దీ పుచ్చులు పెరుగుతున్నాయని వంగ రైతులు అనేది ఇందుకే.

తుంచిన కొమ్మతో కొన్ని త్రాతలాలూ పోతాయన్నది నిజమే. అయినా తుంచండి. కొమ్మల్లోని పురుగుల్లో బదనిక పడ్డవి కొన్నే, పడనివే ఎక్కువ. లెక్కలో లాభం తుంచడం వైపే ఉంది. వాడిన చోటికి అంగుళం కింద తుంచాలి. పైపైన గిల్లితే పురుగు కింది ముక్కలోనే మిగిలిపోతుంది. తుంచినవి గట్టు మీద పడేయకుండా సంచిలో వేసి పూడ్చండి. నాటిన తొలి నెలల్లో వారం తప్పకుండా చేస్తే, కాపు వచ్చేసరికి పురుగు సంఖ్య పలచబడుతుంది.

వంగలో గుడ్డు పగిలిన కొద్ది గంటల్లోనే పిల్లపురుగు కొమ్మలోకో కాయలోకో దూరిపోతుంది. టమాటాలో లాగా బయట తిరిగే రోజులు దీనికి లేవు. అందుకే గుడ్డు దశలో ట్రైకోగ్రామా విలువ ఇక్కడ మరింత ఎక్కువ. ఎకరాకు వారానికి 20,000 చొప్పున కాపు సాగినన్నాళ్లు, పది విడతల దాకా వదలాలి. దీనితోపాటు వంగ పురుగు ఎర ఉన్న బుట్టలు పది మీటర్లకొకటి, ఎకరాకు 40 పెడితే మగపురుగులు పడిపోయి గుడ్లే తగ్గుతాయి. టమాటా పచ్చ పురుగు ఎర వంగకు పనికిరాదు, కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

పాత వంగమోళ్లు వంటచెరకుగా గట్టున పేర్చి ఉంచే అలవాటు మీ చుట్టుపక్కల ఉందా? అదే అసలు పుట్ట. ఎండిన కొమ్మల్లోంచి, రాలిన చెత్తలోంచి వారాల తరబడి రెక్కల పురుగులు వస్తూనే ఉంటాయి. కొత్త నారు నాటకముందే వాటిని కాల్చేయండి, లేదా వల కప్పి ఉంచండి. పక్కవాళ్లదైతే బతిమాలైనా సరే తీయించండి.

ప్రశ్న: శనగలో కాయతొలుచు పురుగుకు ట్రైకో కార్డులు ఎన్ని కావాలి? కందిలో ఎన్ని?
– ఒక రైతు, నంద్యాల

జవాబు: శనగలో ఒక్కటీ వద్దు. శనగ ఆకు మీద చేతికి పుల్లగా తగిలే పులుసు ఉంటుంది కదా, ఆ ఆమ్లంలో ఇంత చిన్న కందిరీగ నడవలేదు. కందిలో కాయల మీది జిగురు నూగు దీని కాళ్లకు అడ్డం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో దీన్ని బాగా పరిశీలించారు: అదే పచ్చ పురుగు గుడ్లు జొన్న కంకుల మీద ఉంటే ట్రైకోగ్రామా విరివిగా పడుతుంది, కంది మీద బాగా తక్కువ, శనగ మీద దాదాపు లేదు. పురుగు ఒకటే అయినా అది ఏ మొక్క మీద ఉందన్నదే తేల్చుతుంది. అందుకే శనగ, కంది చుట్టూ నాలుగు సాళ్ల జొన్న వేయమని చెప్పడం ఒట్టి గట్టు కాపలాకు కాదు.

శనగలో మీకు పనిచేసే నేస్తం కాంపోలెటిస్ క్లోరిడే అనే కందిరీగ. ఇది పురుగు చిన్నగా, సెంటీమీటరు లోపు ఉన్నప్పుడు ఒంట్లో ఒక గుడ్డు పెడుతుంది. పురుగు మేత తగ్గించి మందకొడిగా ఉండిపోతుంది. వారం పది రోజుల్లో కందిరీగ పిల్ల దాన్ని చీల్చుకుని వచ్చి, పక్కనే గూడు కట్టుకుంటుంది. గూడు అర సెంటీమీటరు పొడవు, బూడిద తెలుపు మీద నల్ల మచ్చలు, అంటుకుని ఎండిన పురుగు తోలు. దీన్ని చీడ గుడ్డనుకుని నలిపేసేవాళ్లున్నారు. పొలంలో ఇవి కనపడుతుంటే, కొమ్మలు దులిపినప్పుడు చిన్న పురుగులే ఎక్కువగా పడుతుంటే, మందు కొట్టడం వారం వాయిదా వేసి చూడండి.

కాంపోలెటిస్‌కు తేనె కావాలి, శనగ పూవు దానికి ఇవ్వదు. శనగ సాళ్ల మధ్య ధనియాలు వేస్తే ఆ పూతకు వచ్చి నిలబడుతుంది. శనగ పూత వేళకు ధనియం పూసేలా ఒకేసారి విత్తండి.

కందిలో పని ఎక్కువగా బదనిక ఈగలది. కానీ అవి ముదురు పురుగుల మీద పడతాయి, పురుగు చచ్చేలోపే కాయలు తినేసి ఉంటుంది. ఈ ఏడాది పంటకు దాని వల్ల ఒరిగేది తక్కువ, కాబట్టి కందిలో ఎన్‌పీవీ, బుట్టలు, చెట్టు కింద పట్టా పరిచి పురుగులు దులపడం వీటి మీదే ఆధారపడండి.

ప్రశ్న: మా మహిళా సంఘం ట్రైకో కార్డులు తయారు చేయాలనుకుంటోంది. ఏమేం కావాలి, ఎక్కడ చెడిపోతుంది?
– ఖమ్మం నుంచి ఒక సంఘ సభ్యురాలు

జవాబు: ముందు బియ్యపు రెక్కల పురుగు, అంటే కార్సిరాను పెంచాలి. దాని గుడ్లే కార్డు మీద అంటించేది. ఒక్కో చెక్కపెట్టె లేదా ప్లాస్టిక్ బేసినుకు 2.5 కిలోల సజ్జ లేదా జొన్న నూక, 100 గ్రాముల వేరుశనగ పొడి, 5 గ్రాముల ఈస్టు, 5 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలపండి. నూకను ముందే వేడి చేసి చల్లార్చాలి. ఇందులో అర సీసీ కార్సిరా గుడ్లు చల్లి, పలుచటి గుడ్డ బిగించండి. సుమారు 40 రోజులకు రెక్కల పురుగులు మొదలవుతాయి. వాటిని రోజూ పట్టి, అడుగున జాలీ ఉన్న డబ్బాలో వదిలితే గుడ్లు కింద పడతాయి. జల్లించి, పొలుసులు ఊది శుభ్రం చేయాలి. ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆ పొలుసుల వల్ల ఆయాసం, తుమ్ములు పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

గుడ్లను రెండడుగుల దూరంలో 30 వాట్ల యూవీ దీపం కింద 45 నిమిషాలు ఉంచండి. లోపలి పిండం చచ్చిపోవాలి. ఈ పని సరిగా కాకపోతే మీ కార్డు లోంచి కార్సిరా పురుగులు పుట్టి పక్క గుడ్లను తినేస్తాయి. దీపం వెలుగు కళ్లకు, చర్మానికి తగలకూడదు, పెట్టెలో అమర్చుకోండి. తర్వాత కార్డు మీద పలుచగా తుమ్మజిగురు రాసి, ఒక కార్డుకు 1 సీసీ గుడ్లు, సుమారు 16 నుంచి 20 వేలు, ఒకే పొరగా చల్లండి. ఆరు కొత్త కార్డులకు ఒక పాత నల్ల కార్డు (తల్లి కార్డు) చొప్పున పాలిథీన్ సంచిలో మూడు రోజులు ఉంచితే, నాలుగో రోజుకు నల్లబడతాయి. అప్పటి నుంచి మరో మూడు, నాలుగు రోజుల్లో కందిరీగలు వస్తాయి.

మీ గదికి పెద్ద శత్రువు ఎవరో తెలుసా? కొబ్బరి నల్లతల పురుగు మీద వదిలే బ్రాకన్ కందిరీగ చుట్టాలే. బ్రాకన్ హెబెటర్ ఒక్కటి కిటికీ సందులోంచి దూరినా పెట్టెల్లోని కార్సిరా పురుగులన్నీ వాడిపోతాయి. బయట దానికి దండం పెట్టండి, గది తలుపులకు మాత్రం సన్న జాలీ రెండు వరసలు బిగించండి. ఆ తర్వాత శత్రువు నల్లులు, అంటే పిండి మైట్లు. నూకలో తేమ ఉంటే వస్తాయి, పాడైన పెట్టెను తెరవకుండా బయటికి తీసుకెళ్లి వేడినీళ్లు పోయండి.

మొదటి కార్సిరా గుడ్లు, తల్లి కార్డులు నమ్మకమైన ప్రయోగశాల నుంచే తెచ్చుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐపీహెచ్‌ఎం (జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ)లో ఈ పని నేర్పుతారు. ఒకే జాతిని తరాల తరబడి కార్సిరా మీదే పెంచితే పొలంలో వెతికే చురుకు తగ్గుతుంది, అప్పుడప్పుడు తల్లి కార్డు మార్చండి. అన్నిటికంటే ముందు, ఏ వారం ఎన్ని ఎకరాలకు కావాలో రైతుల దగ్గర రాయించుకోండి. కార్డు నిలవ ఉండే సరుకు కాదు.

ప్రశ్న: కాఫీ పండ్లకు సన్నటి రంధ్రాలు పడుతున్నాయి. దీనికీ బదనిక ఉందా?
– అరకు ప్రాంతం నుంచి ఒక రైతు

జవాబు: రంధ్రం పండు కొన దగ్గర, బొడ్డు మీద ఉంటే అది కాఫీ కాయతొలుచు పెంకుపురుగు. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మన దేశంలో మొదట కనపడింది, 2025లో అరకులోనూ బయటపడింది. ఆఫ్రికా దీని పుట్టిల్లు, బదనికలూ అక్కడివే. సెఫలోనోమియా స్టెఫనోడెరిస్ అనే నల్లటి కందిరీగ రంధ్రంలోంచి పండు లోపలికే వెళ్లి గుడ్లు, పిల్లలు తిని, మిగిలినవాటి మీద తన గుడ్లు పెడుతుంది. కర్ణాటక, తమిళనాడు, కేరళ తోటల్లో దీన్ని వదిలారు. పండు తొలుస్తున్న తల్లి పురుగునే పట్టే ఫైమాస్టికస్ కాఫియా మరొకటి.

అయితే బదనిక ఒక్కదానితో ఈ పురుగు లొంగదు. పండ్లన్నీ కోసేసిన తోటలో బదనికకు ఆశ్రయం ఉండదు, కోయకుండా వదిలితే పురుగు పెరుగుతుంది. ఈ చిక్కు విడలేదు. కాబట్టి మీరు ముందు చేయాల్సింది చెట్టు మీద, నేల మీద ఒక్క పండు మిగలకుండా ఏరడం. కోతప్పుడు చెట్టు కింద పట్టాలు పరవండి. పురుగు పట్టిన పండ్లను మరిగే నీళ్లలో రెండు, మూడు నిమిషాలు ముంచి ఆ తర్వాత పూడ్చండి. కాఫీ గింజలను 10, 11 శాతం తేమకు ఆరబెట్టకుండా బస్తా కట్టొద్దు. పురుగు ఉన్న తోట సంచులు, బుట్టలు పక్క ఊరికి ఇవ్వొద్దు. కనపడిన వెంటనే కాఫీ బోర్డు సిబ్బందికి చెప్పండి.

ప్రశ్న: ఈ కందిరీగలు పిల్లలను కుడతాయా? తేనెటీగలకు ప్రమాదమా?
– ఒక గృహిణి, వరంగల్

జవాబు: కుట్టవు. ట్రైకోగ్రామా ఆవగింజ కంటే చిన్నది, దాని సూది గుడ్లు పెట్టడానికే. తేనెటీగల జోలికి పోవు. ఇంటి మిద్దె మీద నాలుగు టమాటా కుండీలకు మాత్రం కార్డు కొనకండి. పొద్దున్నే లేతాకులు తిప్పి చూసి, గుడ్లను వేలితో తుడిచేస్తే చాలు. నల్లవి కనపడితే వదిలేయండి.